తెడ్డు చివర చెవి

కళింగపట్నంలో ఇంకా తెల్లారలేదు.
లైట్‌హౌస్ దీపం మా మొహాల్ని
ఒక్కొక్కటే లెక్కపెట్టి పోతోంది.
పడవెక్కేవాళ్ళం తొమ్మిదిమందిమి,
లైఫ్ జాకెట్లు ఏడు.
"మిగిలినోలికి నానున్నాను" అన్నాడు ఎల్లాజీ.
నవ్వాలో వద్దో ఎవరికీ తెలీలేదు.

నేను శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో
టిక్కెట్లు కొట్టే మనిషిని.
అద్దంలో గుండ్రటి కంతలోంచి
రోజంతా గొంతులొస్తాయి:
పలాసకొకటి, సోంపేటకి రెండున్నర,
ఇచ్ఛాపురం బండి ఎల్లిపోనాదేటి తల్లీ?
మొహాలు చూసే తీరిక ఉండదు.
అందుకే వచ్చాను కాబోలు,
ఒక్క ఆదివారమైనా
దేన్నో ఒకదాన్ని పూర్తిగా చూద్దామని.

వంశధార సముద్రంలో కలిసేచోట
నీళ్ళ మీద ఒక గీత.
ఇటు అంబలి రంగు, అటు సిరా రంగు.
గీత దాటామో లేదో
తవిటినాయుడి కొడుకు
పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం
నా చీర కుచ్చిళ్ళకి అప్పజెప్పాడు.
సరిగ్గా అప్పుడే
"అదిగో! అదిగో!"
పడవ ఎడమకి ఒరిగింది.
అయిదో ఆరో అంట,
కడిగిన నేరేడు పళ్ళలా నిగనిగలాడే వీపులంట,
ఒకటైతే గాల్లోకి లేచి
పొట్ట కూడా చూపించిందంట.
నేను వాడి నుదురు పట్టుకుని
నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాను.
తలెత్తేసరికి
సముద్రం సర్దుకుంటోంది,
చుట్టాలు లేచెళ్ళిన చాపలాగ.

ఆ తర్వాత మూడు గంటలు ఏమీ లేదు.
ఎండ. డీజిలు వాసన. కాలిపోతున్న ఫైబర్ అంచు.
"మనిషికి ఏడొందలు పుచ్చుకున్నావు,
తిమింగలమేదయ్యా?" అన్నారు మేష్టారు,
పార్సిల్ ఆలస్యమైనట్టు.

ఎల్లాజీ ఇంజను ఆపేశాడు.
ఆపాకే తెలిసింది
అంతసేపూ మేమెంత అరుచుకుంటున్నామో.

"నా సిన్నపుడు ఒకటి ఒడ్డెక్కీసింది"
అన్నాడు, మాతో కాదు,
కాళ్ళ దగ్గరి తాడు చుట్టతో.
"పాకంత ఉండీది.
పేటంతా కడవలతోటి నీల్లు పోసినాం, రేత్తిరంతాను.
నాది డాల్డా డబ్బా.
ముసలోల్లు పసుపు రాసినారు.
నాను సెవి ఆనిస్తే
లోపల ఎవులో తలుపు తోస్తన్నట్టు సప్పుడు.
తెల్లారి పోటు రాకముందే
ఆ సప్పుడాగిపోనాది."
కాసేపాగి,
"డబ్బా ఇంకా ఉంది. మాయమ్మ దాన్లో ఉప్పు పోస్తాది."

తెడ్డు తీసి
నీళ్ళలోకి నిలువునా దింపి
పిడికి చెవి ఆనించాడు.
కళ్ళు మూసుకున్నాడు.
మేష్టారు గడియారం చూసుకున్నారు.

"మీకు కల్లేనా, సెవులు నేవా? రండి."

ఎవరూ కదల్లేదు.
నేను వెళ్ళాను, వాంతి మరకతోనే.

చెక్క తడిగా, చల్లగా.
మొదట నా నెత్తురే వినబడింది.
తర్వాత పడవ అడుగున చిన్న అలల గోకుడు.
ఆ తర్వాత
ఎంత లోతు నుంచో
గోడకవతల ఎవరో
నులకమంచం మీద ఒత్తిగిల్లినట్టు.
ఒక్కసారే.
ఎంతసేపు ఆగినా
మళ్ళీ లేదు.

"ఇన్నారా?"
"తిమింగలమేనా?"
"ఏమో నమ్మా. ఎవులో ఉన్నారు."

ఒడ్డుకొచ్చాక
ఫోన్లన్నీ బయటికొచ్చాయి.
అన్నిట్లోనూ నీళ్ళే.
ఒకదాంట్లో మాత్రం ఓ మూల,
తెడ్డుకి చెంప ఆనించి, జుట్టు రేగి,
నిద్రపోతున్నట్టు
ఎవరో ఆడమనిషి.

రాత్రి చీర రెండుసార్లు ఉతికాను.
చెవి తమ్మె మీద ఉప్పు
పొద్దున్న అద్దంలో చూసుకునేదాకా ఉండిపోయింది.

సోమవారం. లైను గుమ్మం దాటింది.
కంతలోంచి,
"తిలారుకొకటి."
ముసలి గొంతు. మాటకి ముందు
చిన్న ఊపిరి, మాటయ్యాక ఇంకొకటి.
నేను కొంచెం ముందుకి వంగాను.
చిల్లర ఇవ్వడం ఆలస్యమైంది.
వెనకెవరో విసుక్కున్నారు.